సాన మిషనుకు స్టాండు

గేట్ల మేస్త్రికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు, ఇనుప సామాన్ల కొట్టువాడికి మరీ బాగా తెలుసు. కాకపోతే ఒకప్పుడు ఆ కోపం వచ్చినంత వేగంగానూ పోయేది. మేడ మీద గ్రిల్ బిగిస్తూ జారిపడి తుంటి విరగ్గొట్టుకున్న నాటి నుంచి మాత్రం అది వచ్చి ఇంట్లోనే మకాం పెట్టేసింది.

"కర్ర పట్టుకుని నడుస్తావు గానీ, నిలబడి చేసే పని ఇక మర్చిపో" అన్నాడు డాక్టరు. "ఆయన మొహం! ఆయనకేం తెలుసు? వానలు తగ్గేసరికి లేచి నిలబడకపోతే అప్పుడడుగు" అని మేస్త్రి దారిపొడవునా అంటూనే ఇంటికొచ్చాడు. వానలు తగ్గాయి. మేస్త్రి షెడ్డులో ముక్కాలిపీట మీద కూర్చునే ఉన్నాడు. అయినా ఎవరడిగినా అదే మాట, ఇంకొన్నాళ్ళలో లేచేస్తానని.

గేట్ల పని ఎలాగూ ఆగిపోయింది. మిగిలింది సానపట్టడం ఒక్కటే. వడ్రంగుల ఉలులు, మాంసం కొట్టు కత్తులు, దర్జీల కత్తెరలు షెడ్డుకు వస్తూనే ఉండేవి. ఆయన పీట మీద కూర్చుని చెబుతుంటే, ఆయన భార్య సాన మిషను ముందు నిలబడి పట్టేది. "అంత అదమకే, రాయి అరిగి చస్తుంది!" అనేవాడు. ఆమె చెయ్యి కాస్త తేలిక చేస్తే, "అలా ముద్దుపెట్టుకున్నట్టు ఆనిస్తే పదునెక్కడొస్తుంది?" అనేవాడు. ఇంకొకరైతే ఆ కత్తి ఆయన మీదికే విసిరేసేవారు. ఆమె మాత్రం పళ్ళు బిగబట్టి పని నేర్చేసుకుంది.

ఆ మిషను ఉన్నది ఒక ముసలి చెక్కబల్ల మీద. స్విచ్ వేస్తే చాలు, బల్లకు చలిజ్వరం వచ్చేది. ఒకరోజు ఆ వణుకులో ఉలి ఎగిరి ఆమె బొటనవేలు గీసుకుపోయింది. గాయం చిన్నదే గానీ మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. బల్లను తిట్టాడు, ఆ బల్ల చేసినవాణ్ణి తిట్టాడు, చివరికి తనను తానే తిట్టుకున్నాడు. "దీనికో ఇనుప స్టాండు చేసి పారేస్తా. రేపు నేను లేచాక నాకూ కావాలిగా!"

"ఊరందరికీ గేట్లు చేశావు, మన షెడ్డుకో స్టాండు చెయ్యడానికి నా వేలు తెగాల్సొచ్చింది" అంది ఆమె, వేలికి గుడ్డ చుట్టుకుంటూ.

పెద్ద పనేం కాదు. అడుగున పాత లారీ బ్రేక్ డ్రమ్ము, దాని మీద నిలువుగా లావుపాటి గొట్టం, గొట్టం మీద మిషను బిగించడానికి ఒక ఇనుప పలక. మేస్త్రి గోడ పట్టుకుని ఎలాగో లేచి, గొట్టాన్ని పక్కన నిలబెట్టి, తన కొలతకు సుద్దగీత గీశాడు. మళ్ళీ పీట మీద కూలబడి కోశాడు. భార్య ఆ గీత చూసి ఏదో అనబోయి ఊరుకుంది.

ఇక మొదలైంది గోల. వెల్డింగ్ రాడ్లకు చెమ్మ పట్టింది, అంటుకుంటే ఒట్టు. వాటిని ఎండబెట్టి తెచ్చేసరికి పక్కనున్న పిండి మర తిరగడం మొదలై కరెంటు నీరసించింది. "నేను రాడ్ పట్టుకోగానే వీడికి పిండి గుర్తొస్తుంది!" అని గోడకేసి అరిచాడు. మర ఆగాక గబగబా అతికించి, మొహం మీది అద్దం తీసి చూస్తే, గొట్టం ఆయన వైపే ఒరిగి ఉంది.

సరిగ్గా అప్పుడే బావమరిది ఊడిపడ్డాడు. కుళాయిలు బిగించే పని అతనిది. అడక్కుండానే సంచీలోంచి రసమట్టం తీసి గొట్టానికి ఆనించాడు.

"బావా, ఇది నీకేసి వంగిందే!"

"నా మీద ప్రేమ ఎక్కువైందిలేరా. నువ్వు ముందా మట్టం లోపల పెట్టు."

ఎందుకు వంగిందో మేస్త్రికి తెలియక కాదు. ముందు నాలుగు వైపులా చిన్న అతుకు చుక్కలు పెట్టి నిలబెట్టుకోవాలి, తర్వాతే చుట్టూ అతకాలి. ఒకవైపే పోస్తే చల్లారుతూ ఆ వైపుకే లాగేస్తుంది. తన దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ నెత్తిన మొట్టి మరీ చెప్పిన మాట ఇది. కానీ నాలుగు వైపులకూ వెళ్ళాలంటే పీట మీంచి లేవాలి. పిలిస్తే భార్య వచ్చి డ్రమ్ము తిప్పేది. ఆయన పిలవలేదు.

అతుకు కోసేసి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి కూర్చున్న చోటి నుంచే అవతలి వైపుకు ఒంగాడు. తుంటిలో కలుక్కుమని చెయ్యి అదిరింది. గొట్టానికి వేలు పట్టేంత చిల్లు పడింది. "థూ, వెధవ బతుకు!" అని మంటా నెప్పీ కలిసి అరిచి, చేతిలోది విసిరికొట్టాడు.

"బజార్లో రెడీగా దొరుకుతుంది కదా బావా, ఎందుకీ తంటా?" అని నసిగాడు బావమరిది.

"గేట్ల మేస్త్రి స్టాండు కొనుక్కున్నాడని నువ్వే వీధంతా చాటుతావు. నోర్మూసుకో."

ఆ అరుపులకు భార్య వచ్చింది. చీర కొంగు దోపుకుని, డ్రమ్ము పక్కన గొంతుక్కూర్చుని, గొట్టం పట్టుకుంది.

"ఎటు తిప్పమంటావు?"

"నిన్నెవరు పిలిచారు?"

"ఎవరూ పిలవలేదు. ఎటు తిప్పాలి?"

మేస్త్రి మూతి ముడుచుకుని ఎటో చూపించాడు. ఆమె తిప్పింది, ఆయన చుక్క పెట్టాడు. అలా తిప్పుతూ, పెడుతూ చుట్టూ అతికి, చిల్లు పూడ్చి, మీద పలక కూడా వేసేశారు. బావమరిది మట్టం పెట్టి చూసి, ఈసారి వంక పెట్టడానికి ఏమీ దొరక్క తల గోక్కున్నాడు. మిషను ఎక్కించి బోల్టులు బిగించారు. స్విచ్ వేస్తే ఎక్కడా వణుకు లేదు. పడ్డ తర్వాత మేస్త్రి మొహంలో నవ్వు కనిపించడం అదే మొదటిసారి.

"ఊఁ, ఏదో ఒక ఉలి పట్టి చూడు" అన్నాడు.

ఆమె మిషను ముందుకు వెళ్ళింది. రాళ్ళు ఆమె ఛాతీ ఎత్తున తిరుగుతున్నాయి. ఆమె మూలనున్న చెక్కపెట్టెను కాలితో లాక్కుని, దాని మీదికెక్కి ఉలి అందుకుంది.

మేస్త్రి నవ్వు పోయింది. "ఏంటా పెట్టె?"

"ఏం లేదులే. నువ్వు లేచేదాకా ఇలా సర్దుకుంటా."

నువ్వు లేచేదాకా. తాను ఊరందరికీ చెప్పిన మాటే. అది ఆమె నోట విన్నాక ఆయనకు అర్థమైంది. సుద్దగీత గీసినప్పుడే ఆ ఎత్తు తనకు అందదని ఆమెకు తెలుసన్నమాట. తెలిసీ, ఆయన మనసు ఎక్కడ కష్టపడుతుందోనని, ఊగే పెట్టె ఎక్కడానికి సిద్ధపడింది. ఆయనకు పట్టరాని కోపం వచ్చింది, ఆమె మీద మాత్రం కాదు.

"దిగు."

"పర్లేదు, అలవాటవుతుంది."

"దిగమన్నానా! అక్కణ్ణుంచి పడితే నీ నడుమూ విరుగుతుంది. ఇంట్లో ఒకణ్ణి మోస్తున్నది చాల్లేదా?"

మిషను ఆపేసి ఆమె దిగింది. మేస్త్రి కర్ర ఊతంతో లేచి, ఆమెను స్టాండు పక్కన నిలబెట్టి, మోచెయ్యి మడవమన్నాడు. మిషను ఎంత కిందికి రావాలో చూసుకుని గొట్టం మీద కొత్తగా సుద్దగీత గీశాడు.

"అంత కిందికా!" అన్నాడు బావమరిది. "రేపు నువ్వు నిలబడి పట్టాలంటే నడుం వంచాలి కదా బావా?"

"నేనింక నిలబడన్రా."

మేస్త్రి పీట మీద కూర్చుని కటింగ్ మిషను ఒళ్ళోకి లాక్కున్నాడు.

"చూస్తావేంటే, ముందు ఆ బోల్టులు విప్పు" అన్నాడు భార్యతో, ఎప్పటి గొంతుతోనే. ఆమె భుజంతో కళ్ళు ఒత్తుకుని స్పానర్ అందుకుంది.