కంప్యూటర్‌కు చల్లగాలి, అవ్వకు విసనకర్ర

ఒక నిండు ఎండాకాలం మా ఇంటిల్లిపాదినీ ఉడకబెట్టిన ఘనత నాది. పాలమూరు ఎండలు ఎరిగినవాళ్ళు నన్ను ఇప్పుడే తిట్టుకోవచ్చు, నేనేమీ అనుకోను.

తొంభైల చివర్లో సంగతి. మహబూబ్‌నగర్‌లో డిగ్రీతోపాటు కంప్యూటర్ కోర్సు కూడా ముగించి, బాపును ఏడాదిపాటు సతాయించి ఇంటికి కంప్యూటర్ తెప్పించాను. ఇంట్లోనే టైపింగ్ పనులు చేసి నా కాళ్ళమీద నేను నిలబడాలని ఆశ. కోర్సు నేర్పినచోట చెప్పులు బయట విడిచి, గుళ్ళోకి పోయినట్టు ఏసీ గదిలోకి పోయేవాళ్ళం. ఆ భక్తి నాతోపాటు ఇంటికీ వచ్చింది. మాకు ఏసీ ఎక్కడిది? అవ్వ మంచం పక్కన మధ్యాహ్నం పూట కాసేపు తిరిగే కూలర్‌ను ఈడ్చుకొచ్చి కంప్యూటర్ గదిలో పెట్టి, పగలూ రాత్రీ తిప్పాను. కంప్యూటర్ ఆపేసినా కూలర్ ఆపేదాన్ని కాదు. పనిచేసి అలిసిన యంత్రానికి విశ్రాంతి వద్దా, మీరే చెప్పండి.

నెల తిరిగేసరికి కరెంటు బిల్లు రెట్టింపైంది. ఇంకో నెల ఇట్లాగే వస్తే కంప్యూటర్‌ను అమ్మేస్తానన్నాడు బాపు. వెంటనే పరిశోధనకు దిగి, డబ్బా వెనక పవర్ సప్లై మీది చీటీ చదివాను. 250 వాట్లు. అంటే దాదాపు నాలుగు ఫ్యాన్లు. మరి నాలుగు ఫ్యాన్లు ఆపేస్తే చెల్లుకు చెల్లే కదా! అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆపించాను. అమ్మ కొంగుతో విసురుకుంది. అవ్వ విసనకర్ర అందుకుని నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే అచ్చువేయరు.

రెండో నెల బిల్లూ తగ్గలేదు. బాపు కొనేవాళ్ళకోసం వెతకడం మొదలుపెట్టాడు. నేను ఏడ్చుకుంటూ పోయి, మా గల్లీలో టీవీలు బాగుచేసే ఖాదర్ చాచాను పిలుచుకొచ్చి చీటీ చూపించాను.

"బిడ్డా, మీ బిందెల ఎన్ని నీళ్ళు పడ్తయి?" అన్నాడు చాచా.

"పదిహేను లీటర్లు."

"దూపైతే పదిహేనూ తాగుతవా? చీటీల రాసింది, గా పవర్ సప్లై ఎంతదాంక ఇయ్యగలదో గంతే. లోపలి సామాన్లు ఎంత అడుగుతయో గంతకు తగ్గట్టే గుంజుతది. జర మీటర్ కాడికి రా."

మీటర్ చక్రం గిరగిరా తిరుగుతోంది. కంప్యూటర్ ఆపించాడు, కొంచెం నెమ్మదించింది. కూలర్ ఆపించాడు, దాదాపు నిలిచిపోయింది.

"దినమంత కరెంటు తినేది గీ కూలరే. పైగ తడిగాలికి నీ కంప్యూటర్ తుప్పు పడ్తది," అన్నాడు.

అంతా విన్న అవ్వ మెల్లగా లేచింది. "రెండు నెల్ల సంది గా డబ్బాకు సల్లగాలి, నాకు ఇసనకర్రనా?" అంది. కూలర్ అవ్వ దగ్గరికి పోయింది. నాకు సిగ్గయింది గానీ, కంప్యూటర్ బతికిందని ప్రాణం లేచొచ్చింది.

మూడో నెల బిల్లు ఒక్క రూపాయీ తగ్గలేదు. బాపు కంప్యూటర్ వైపు చూశాడు. నేను కూలర్ వైపు వేలు చూపించాను. పోగొట్టుకున్న గాలినంతా వడ్డీతో రాబడుతూ, ఆయన కన్నతల్లి దాని ముందు పొద్దంతా గుర్రుపెడుతోంది.

"నువ్వు చెప్తవా ఆపమని?" గుసగుసగా అడిగాడు బాపు.

"నేను చెప్ప. నువ్వు చెప్తవా?"

బాపు బిల్లు మడిచి జేబులో పెట్టుకుని, "ఇగ గీ బిల్లు నీ టైపింగే కట్టాలె," అంటూ, 'ఇక్కడ టైపింగ్ చేయబడును' అన్న బోర్డు గుమ్మానికి కొట్టేందుకు మేకులు తేవడానికి పోయాడు.

కనుక పెద్దలారా, ఉన్న దేవుళ్ళందరి మీదా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ యంత్రానికైనా గాలి ఆడటంలేదని జాలిపడితే, ముందు ఇంట్లో మనుషులకు ఆడుతోందో లేదో చూస్తాను.