ఆరినా మరక మిగలని నీళ్లు

మంగళవారం పొద్దున మొహం కడుక్కుని దూది మీద టోనర్ వేసుకుంటుండగా ఫోన్ మోగింది. మా కర్నూలు కాలనీలో, మాకు రెండిళ్ల అవతల బ్యూటీ పార్లర్ నడిపే అక్క నిద్రలోనే గుండె ఆగి పోయిందని ఆమె కోడలు చెప్పింది. ఫోన్ పెట్టేసేసరికి చేతిలో దూది ఎండిపోయింది. తడి ఆరకముందే క్రీము రాయాలన్నది అక్క నేర్పిన పద్ధతి. నాలుగేళ్లలో అది తప్పింది ఆ రోజే.

ఆమెది మంగంపేట. వాళ్లమ్మ ముగ్గురాయి గనుల్లో రాళ్లు ఏరే పనికి పోయేదట. ఇంటికొచ్చిన తల్లి మొహం మీది తెల్లటి దుమ్మును తడిగుడ్డతో తుడవడం చిన్నప్పుడు ఈమె పని. "మా అమ్మ మొగం ఏం రంగో నాకు సాయంత్రం పూటే తెలిసేది" అనేది. పెళ్లయి కర్నూలు వచ్చాక ఇంటి ముందుగదిలో ఒక కుర్చీ, ఒక అద్దం పెట్టుకుని పార్లర్ మొదలుపెట్టింది. చర్చికి పోయే ఆదివారం తప్ప ఏ రోజూ మూయలేదు.

నేను మొదటిసారి అక్కడికి పోయింది కనుబొమ్మల కోసం కాదు. అప్పటికి కొన్ని నెలలుగా నా బుగ్గలు ఎర్రబడి, పొట్టు లేచి, మొహం కడిగిన ప్రతిసారీ బిగుసుకుపోయి మండేవి. ఎవరేది చెబితే ఆ క్రీము రాశాను. కూరగాయలకు పోయినా మొహానికి చున్నీ చుట్టుకునేదాన్ని. డోన్‌లో చెల్లెలి గృహప్రవేశానికి జ్వరమని అబద్ధం చెప్పి మానేశాను. నెల తిరిగితే అన్న కూతురి పెళ్లి. మేనత్తను, పీటల పక్కన నిలబడాల్సినదాన్ని. ఈసారి ఏ జ్వరమూ పనికిరాదు.

"బ్లీచ్ చెయ్యక్కా. పెళ్లిలోగా బాగుపడాల" అన్నాను.

ఆమె నా మొహాన్ని కిటికీ వైపు తిప్పి చూసింది. "చెయ్యను. దీని మీద బ్లీచ్ పూస్తే నువ్వు పెండ్లికి గాదు, ఆస్పత్రికి పోతావు. వేరే పార్లర్‌కు పోతే చేస్తారు. పోతావా?"

పోలేదు. ఉన్న క్రీములన్నీ పక్కన పెట్టించి, కడిగిన మొహానికి అద్దే నీళ్లమందు, స్పిరిట్ కలవని టోనర్ ఒకటి చేతికిచ్చింది. రోజుకు రెండుసార్లు మొహం కడగాలి. దూదిని తాగే నీళ్లలో తడిపి పిండి, టోనర్ వేసి, రుద్దకుండా అద్దాలి. తడి ఉండగానే పలుచగా క్రీము. పది రోజుల తర్వాత రమ్మంది.

నేను ఏ పనైనా పుస్తకంలో రాసుకుని చేసే మనిషిని. ఏ పూట ఏం చేశానో, మంట ఎంతో గళ్లు గీసి రాశాను. పదో రోజుకు మంట తగ్గకపోగా పెరిగింది. పుస్తకం, సీసా పట్టుకుని పోయాను. ఇచ్చిన మందు పనిచేయలేదని నిరూపించడానికి పోయినట్టే పోయాను.

ఆమె అన్ని పేజీలూ చదివింది. తర్వాత సీసా ఎత్తి చూసింది. "రాత శానా బాగుండాది. మరి పది దినాలు వాడితే సీసా నిండుగా యాట్లుండాది?"

చెప్పక తప్పలేదు. షాంపూ అయినా, పచ్చడి జాడీ అడుగైనా నీళ్లు పోసి కలిపి సాగదీయడం మా ఇంట్లో అలవాటు. టోనర్ తగ్గిన కొద్దీ అందులోనూ సగానికి సగం బోరు నీళ్లు కలిపాను.

ఆమె తిట్టలేదు. స్టీలు పళ్లెం తెచ్చి ఎండలో ప్రహరీ గోడ మీద పెట్టింది. తన సీసాలోది ఒక చుక్క, నా సీసాలోది ఒక చుక్క వేసింది. మన కర్నూలు ఎండకు అవి ఆరడానికి ఎంతసేపు? నా చుక్క ఉన్నచోట తెల్లటి వలయం మిగిలింది. ఆమె చుక్క ఉన్నచోట ఏమీ లేదు.

"బకెట్టుకు పట్టే తెలుపు దినామూ తోముతాండావు గదమ్మే. అదే మొగానికి పూస్తాండావు. ఈడ నీళ్లు ఆరిపోతాయి, ఉప్పు పోదు. ఆ ఉప్పు తుడిచేదానికే ఇది. మెరిసేదానికి గాదు."

ఆ సాయంత్రం సంగతి విని మా ఆయన కూడా ఒక మాటన్నాడు. "పోనీలే, సాంబారులోనైనా నీళ్లు కలపలేదు."

పెళ్లి నాటికి ఎరుపు పూర్తిగా పోలేదు గానీ మంట పోయింది, పొట్టు రాలడం ఆగింది. చున్నీ లేకుండా పీటల పక్కన నిలబడ్డాను. తిరిగొచ్చాక అక్క అందంగా కనిపించావా అని అడగలేదు. "మండలేదు గదా?" అని మాత్రం అడిగింది.

ఆ పార్లర్‌లో మనిషిని నలుపు, తెలుపు అనే మాటలు అక్క నోట వినపడేవి కావు. పెళ్లికూతురిని తెల్లగా చేయమని ఒక తల్లి పట్టుబడితే నా ఎదుటే అంది, "పాప రంగుతో నాకు పనిల్యా. దురద ఉండాదా, మంట ఉండాదా, అది చెప్పు." తనకు తెలియనిది కనిపిస్తే డాక్టరు దగ్గరికి పంపేది. వచ్చిన గిరాకీని అలా వెనక్కి పంపే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. దూదిని నాలుగు మడతలు వేసి, నాలుగు వైపులా వాడేది. చెవుల వెనుక, మెడ మీద మరిచిపోతే నా చేయి పట్టుకుని అక్కడికి తీసుకెళ్లేది.

మంగళవారం మధ్యాహ్నం నేను పోయేసరికి ఆడవాళ్లు ఆమెకు స్నానం చేయించి తెల్లచీర కట్టారు. పక్కనే బోరు నీళ్ల బకెట్టు. ఫ్యాను గాలికి ఆరుతున్న నుదుటి మీద, జుట్టు మొదట్లో, సన్నగా తెల్లటి చార తేలుతోంది. ఎవరూ గమనించలేదు. నాకు మాత్రం గోడ మీది పళ్లెం కనిపించింది.

ఇంటికి పోయి నా సీసా, దూది, చెంబుతో తాగే నీళ్లు తెచ్చాను. కోడలు జరిగి చోటిచ్చింది. దూదిని తడిపి, పిండి, నాలుగు మడతలు వేశాను. నుదురు, బుగ్గలు, చెవుల వెనుక, మెడ. రుద్దలేదు, అద్దాను. ఆరేదాకా పక్కనే కూర్చున్నాను.

పాస్టరుగారు వచ్చేసరికి పొద్దు వాలింది. తలుపులోంచి సాయంత్రపు ఎండ ఆ మొహం మీద పడింది. ఆమె రంగు ఒక్కటే ఉంది దాని మీద.