సైదమ్మ వేసుకున్న బలం గోలీలు

సైదమ్మకు పెళ్లయిన మొదటి ఏడే మూర్ఛ వచ్చింది. రోగిష్టి పిల్లను అంటగట్టారంటూ అత్తింటివాళ్లు పుట్టింట్లో దింపేసి పోయారు. అప్పటి నుంచి ఫిట్స్ గోలీ ఒక్క పూట మానలేదు. మూర్ఛ మళ్లీ రాలేదు. దేవరకొండ అవతలి గుట్టల్లో మేపే గొర్రెల మందను అన్న పర్వతాలు ఆమెకే అప్పగించాడు. మందవెంట ఒంటరిగా నడిచేటప్పుడు ఎవరి జాలీ అక్కర్లేని మనిషి సైదమ్మ.

నిరుడు ఎండాకాలం కాళ్లు పీకుతున్నాయని ఊళ్లో మందుల దుకాణం నడిపే నాగేందర్ దగ్గరికి వెళ్లింది. అతను బలం గోలీల డబ్బా తీసి ముందు పెట్టాడు.

"నేను ఫిట్స్ గోలీలు వేస్కుంటున్న తమ్మీ. ఏం కాదు గద?"

"ఏం కాదక్కా. విటమిన్లే. పొద్దుగాల రెండు, మాపున రెండు వేస్కో."

తొలకరి పడ్డాక ఒకనాడు పత్తి చేను గట్టున నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోయింది. తెలివి వచ్చేసరికి నాలుక తెగి నోరంతా నెత్తురు. గొర్రెలు పత్తి మొలకలు మేసేశాయి. చేను ఆసామి తిట్టిన తిట్లన్నీ లేవలేక పడుకునే విన్నది.

ఇంటికొస్తే పర్వతాలు, "రేపటి సంది మందెంట పోకు. ఫిట్స్ గోలీలు వేస్కుంటున్ననని అబద్ధమాడినవ్" అన్నాడు. ఆ మాట తెగిన నాలుక కన్నా ఎక్కువ మండింది.

నల్గొండ దవాఖానలో డాక్టరు రెండు రకాల గోలీలూ చూశాడు.

"గీ బలం గోలీల ఫోలిక్ యాసిడ్, బీ సిక్స్ శానా ఎక్కువున్నయమ్మా. గింత పడితే నీ ఫిట్స్ మందు నెత్తుర్ల తగ్గిపోతది. విటమిన్లు అసలే వద్దని కాదు. ఏది ఎంతనో మమ్మల్ని అడగాలె."

"అమ్మినోణ్ని అడిగిన సారూ. ఇన్నేండ్లు చిట్టీ రాసిచ్చిండ్రు, మీరు ఒక్కనాడన్న చెప్పిండ్రా?"

డాక్టరు రక్తపరీక్షకు రాశాడు.

సైదమ్మ బస్సు దిగి నేరుగా దుకాణానికి నడిచింది. డబ్బా బల్లమీద పెట్టింది.

"కంపెనీవోడిచ్చిండు, అమ్మిన. నాకేం తెలుసక్కా?" అన్నాడు నాగేందర్.

"తెల్వకుంటే తెల్వదని చెప్పు. ఏం కాదని ఎట్ల చెప్పినవ్?"

మందుల కోసం వచ్చినవాళ్లంతా వింటుంటే అదే మాట మళ్లీ మళ్లీ అడిగింది. అతను డబ్బా తీసి బల్ల కింద పెట్టాడు.

బలం గోలీలు మానాక మూర్ఛ రాలేదు. కొన్నాళ్లు ఒంటరిగా తిరగొద్దన్నాడు డాక్టరు. దాంతో పర్వతాలు కూడా మందవెంట నడవాల్సి వచ్చింది. అసలు సంగతి తెలిసినా, అబద్ధమాడావన్న మాటను అతను వెనక్కి తీసుకోలేదు. సైదమ్మ అతనితో మాట్లాడటం మానేసింది. అతన్ని పిలవాల్సి వస్తే, అతనికి వినబడేలా గొర్రెలనే పిలిచేది.