రోగిని చూడటానికి తెచ్చిన బ్రెడ్డు

నాయిన గద్వాల దవాఖాన నుంచి రాజోలి దగ్గరి మా ఇంటికి వచ్చినప్పటి నుంచి నా కాలు ఒకచోట నిలవలేదు. షుగర్ కిడ్నీల దాకా వచ్చిందనీ, ఇలాగే సాగితే డయాలిసిస్ తప్పదనీ డాక్టరు ముఖం మీదే చెప్పాడు. బ్రెడ్డు, బిస్కెట్లు, ప్యాకెట్లో వచ్చేవన్నీ బంద్. ఇంట్లో చేసిన జొన్నరొట్టె, ఆకుకూర తినాలి, రోజూ నడవాలి.

మర్నాటి నుంచే చుట్టాలు దిగారు. మా వైపు రోగిని చూడటానికి ఎవరూ ఖాళీ చేతులతో రారు, బ్రెడ్డు తెస్తారు. వారం తిరక్కుండానే టీవీ పక్కన బ్రెడ్లూ, రస్కులూ, క్రీము బిస్కెట్లూ పేరుకున్నాయి. వాటిని చూస్తేనే నాకు ఒళ్లు మండేది. అచ్చంపేట నుంచి వచ్చిన మేనత్తను గుమ్మంలోనే ఆపి, ఇవి వద్దన్నాను. ఆమె నొచ్చుకుంది.

"షుగరున్నోళ్లకే అని అట్ట మీద రాసిండ్రు బిడ్డా. జర చూడు," అంది.

అట్ట వెనక సన్నటి అక్షరాల్లో మొదటి మాటే మైదా. చదివి వినిపించాను. అయినా ఆమె ప్యాకెట్ తీసుకెళ్లి నాయిన దిండు పక్కన పెట్టింది.

నేను రొట్టెలు తడుతుంటే లోపల కవరు చప్పుడు వినపడేది. పిండి చేతులతోనే ఉరికేదాన్ని. నాయిన బ్రెడ్డును చాయలో ముంచుకుని తింటూ ఉండేవాడు, దాచుకోవడం కూడా లేదు. ఒకరోజు పళ్లెం ఆయన ముందు ఠక్కున పెట్టి అడిగాను. కాలువ పనులకు వలస పోయినన్నాళ్లూ ఈ రొట్టెలే కదా మూట కట్టుకుని పోయావు, ఇప్పుడెందుకు మింగుడు పడవని.

"గప్పుడు పనికి పోతుంటి," అన్నాడు. "రొట్టె పనిచేసేటోడు తింటడు. పండుకున్నోనికి బ్రెడ్డే పెడ్తరు. నీకు చిన్నప్పుడు జొరమొస్తే నేను తెచ్చి పెట్టలే?"

నిజమే. పాలలో నానిన ఆ బ్రెడ్డు కోసం జ్వరం రావాలని కోరుకున్న రోజులున్నాయి. ఆయనది మొండితనం కాదు. నయమయ్యే తిండే తింటున్నానని అనుకుంటున్నాడు. నాకు కోపం పోయి భయం పట్టుకుంది.

తెల్లారి రొట్టెలు బట్టలో కట్టి, "నాయినా, కంది చేన్ల కలుపున్నది. కూలోళ్లు దొరుకుతలేరు. జర రా," అన్నాను. ఆయన లేచి తువ్వాల తలకు చుట్టుకున్నాడు.

గట్టు మీద కూర్చుని పుంటికూరతో రొట్టె తిన్నాడు. ఇంకోటి అడిగి మరీ తిన్నాడు. నాకు ఏడుపొచ్చి ముఖం పక్కకు తిప్పుకున్నాను. ఆ తర్వాత రోజూ చేనుకే. కానీ మాది కాస్తంత చేను. కొన్నాళ్లకే కలుపు అయిపోయింది, గట్లు చెక్కడం అయిపోయింది, చుట్టూ కంప వేయడం కూడా అయిపోయింది. సాయంత్రం కాళ్లు కడుక్కుంటూ ఆయన అడిగాడు.

"రేపేం పనున్నది బిడ్డా?"

"శానా ఉన్నది నాయినా," అన్నాను. చెప్పులేసుకుని, కూలి వద్దు, పని మాత్రం ఇవ్వండని అడగడానికి పక్క చేనువాళ్ల ఇంటికి బయలుదేరాను.