కార్ఖానా చాయ

జిల్లాలు విడిపోయిన మరుసటి ఏడు, వానకాలంలో, సిరిసిల్ల పక్కన ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మెడికల్ ఆఫీసరుగా వెళ్లాను. అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. నా ఓపీకి వచ్చేవాళ్లు చాలామంది వాటి చప్పుడుకు అలవాటుపడి గట్టిగా మాట్లాడేవాళ్లే.

రాజయ్యా అంతే. నలభై ఏళ్లవాడు. రోజూ కడుపుబ్బరం, గడబిడ, పలుమార్లు విరేచనాలు. సాంచాలు నడిపే మనిషి పక్కకు పోతే తెగిన పోగును చూసేవాడుండడు, బట్ట చెడిపోతుంది. ఇంకోసారి చెడితే వేరేవాణ్ని పెట్టుకుంటానని యజమాని చెప్పేశాడట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం రాజయ్య గొంతు తగ్గించాడు.

గ్యాసు బిళ్లలు, పురుగుల మందు, యాంటీబయాటిక్‌లు అప్పటికే అన్నీ అయ్యాయి. మల పరీక్ష, రక్త పరీక్ష చేయించాను, వాటిలో తేడా ఏమీ కనబడలేదు. బరువు తగ్గలేదు, రక్తం పడటం లేదు. ఇలాంటప్పుడు మందు మార్చడం తేలిక, మళ్లీ మొదటినుంచి అడగడం కష్టం. నేను కష్టమైనదే చేశాను, అందుకు ఇప్పటికీ నన్ను నేను మెచ్చుకుంటాను. పొద్దున లేచింది మొదలు నోట్లో పడేవన్నీ చెప్పమన్నాను. అన్నం, కూర చెప్పాడు, చాయ ఊసే లేదు. అడిగితే నవ్వాడు.

"చాయ గూడ లెక్కనేనా మేడమ్? సాంచా ఇడిసి పోవద్దని సేటే మాటిమాటికి పంపిస్తడు. కడుపు సల్లబడాలని ఇంటికాడ మా అవ్వ పాలు గూడ తాపుతది."

పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి పెద్దయ్యాక చాలామందికి తగ్గుతుంది. మనిషిని సాంచా దగ్గర నిలబెట్టడానికి పంపిన చాయే అతన్ని అక్కణ్నుంచి లేపుతోందని నా అనుమానం. రెండు వారాలు పాలు, పాలచాయ బందు పెట్టించాను. పెరుగులో ఆ చక్కెర కొంత తగ్గుతుంది కాబట్టి అన్నంలోకి కొంచెం ఉండనిచ్చాను. వాళ్ల అవ్వను, అంటే తల్లిని, పిలిపించి చెబితే, పాలు విషమెట్లయితయని నాతో పోట్లాడింది. విషం కాదు, నీ కొడుక్కి పడవు అన్నాను.

రెండు వారాలకు కడుపు నిమ్మళించింది. అంతటితో వదలడం మా పద్ధతి కాదు. మానితే తగ్గింది సరే, తాగితే మళ్లీ వస్తేనే రుజువు. పని లేని రోజు చూసుకుని పరగడుపున ఒక గ్లాసు పాలు తాగమన్నాను. ఆ మధ్యాహ్నం అవ్వే నడుచుకుంటూ ఆస్పత్రికి వచ్చింది.

"నువ్వు చెప్పిందే నిజం బిడ్డా. మల్ల పరేషాన్ అయిండు. ఇగ ఆ పాలు నేనే తాగుత."

నేను రిటైరయ్యేనాటికీ రాజయ్య ఆ సాంచాల మీదే ఉన్నాడు. యజమాని అతనికి పాలు లేని చాయ వేరుగా పంపేవాడు. రోగి ఏం తింటున్నాడో అడిగితే సరిపోదు, ఎవరు ఏం ఇస్తున్నారో కూడా అడగాలి. ఒకరు ఇచ్చింది ఎవరూ తిండి కింద లెక్కపెట్టరు.