బసవమ్మ రొంటిలో తుపాకి

కుందారపల్లి మలుపు దాటాక బసవమ్మ ముగ్గురు దొంగలను ఒకే గుండుతో పడగొట్టిందని క్రిష్ణగిరి చింతపండు మండీల్లో చెప్పుకుంటారు. గుండు మొదటివాడి భుజంలో దూరి, రెండోవాడి చెవి తెంపి, మూడోవాడి కొడవలికి తగిలి ఖంగుమందట. ఆ కొడవలికి పడిన చొట్టను కళ్ళారా చూశామనేవాళ్ళూ ఉన్నారు. పంతొమ్మిది వందల డెబ్భై తొమ్మిదిలో పుట్టిన ఆ మాట వేప్పనపల్లి చేరేసరికి దొంగలు ఐదుగురయ్యారు.

నిజానికి ఆ పొద్దు బసవమ్మ పక్కన ఉన్నది ఆమె మేనకోడలు గౌరి ఒక్కతే. ఎనిమిదో తరగతిలో ఉండగా తల్లి పోతే, బడి మాని అత్త దగ్గర చేరిన పిల్ల. నోరు విప్పే రకం కాదు కనుక ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

బసవమ్మ మొగుడు పోయాక మండీని తానే నడిపింది. ఆ వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. కాయ చెట్టు మీద ఉండగానే వ్యాపారి తోపులో నిలబడి, తలెత్తి చూసి, ఎన్ని మణుగులు రాలుతుందో కంటితోనే తేల్చాలి. బేరం కుదిరితే బయానా డబ్బు అక్కడే, చెట్టు మొదట్లోనే, రైతు చేతిలో పెట్టాలి. రేపిస్తానంటే తోపు ఇంకొకరి పాలు. అందుకని బేరాలు సాగే నెలంతా ఆమె డబ్బు నడుముకు కట్టుకొని, పొద్దున్నే బస్సు దిగి, గుట్టల మధ్య బాటల్లో నడవాల్సిందే. రెండేళ్ళ కిందట ఆ బాటలోనే ఒక వ్యాపారిని కొట్టి దోచుకున్నారు. ఆయన కుడిచెయ్యి మళ్ళీ పైకి లేవలేదు.

"నేనూ ఒక తుపాకి పెట్టుకుంటే?" అని బసవమ్మ మండీలో ఒక మాట అన్నది. అంతే, అగ్గి రాజుకుంది.

బట్టల వ్యాపారి జయరామప్పకు లైసెన్సున్న రివాల్వరు ఉంది. దాని గుండు ముప్పైరెండు సైజు. పటాలంలో హవల్దారు పని చేసి వచ్చిన మునియప్ప లెక్కలో ముప్పై ఎనిమిదికి తక్కువైనదంతా పిల్లల బొమ్మ. అంకె పెరిగేకొద్దీ గుండు లావవుతుందని, చింతపండులో గింజలు తీస్తూ వింటూనే గౌరి నేర్చుకుంది.

"థర్టీ టూ చాలమ్మా. ఆడోళ్ళ చేతిలో కుదురుగా నిలుస్తుంది, ఎగిరిపడదు" అన్నాడు జయరామప్ప.

"దాంతో కొడితే మనిషి పడతాడా అప్పా? తగిలిన తావున గోక్కొని, ఇంకో రెండడుగులు ముందుకొచ్చి గొంతు పట్టుకుంటాడు" అన్నాడు మునియప్ప.

"నీ థర్టీ ఎయిట్ పటాలానికే, మనకు కావాలంటే అర్జీ ఢిల్లీ దాకా పోవాల. అది తిరిగొచ్చేలోగా దొంగోడు ముసిలోడైపోతాడు."

"నువ్వు ఎవుర్ని కాల్చినావప్పా ఆ థర్టీ టూతో? బీరువాలో బొద్దింకనా?"

"నువ్వు కాల్చినోళ్ళు లేచొచ్చి చెప్పినారా, పడినామని?"

ఈ జగడం రెండేళ్ళు సాగింది. మూటల మీద కూర్చుని, కాఫీలు తాగి, లేచిపోయి, మర్నాడు విడిచిన చోటే అందుకునేవారు. ఒకసారి బసవమ్మ అడిగింది: "ఒక చేత్తో కుచ్చిళ్ళు పట్టుకొని గట్టెక్కతా ఉంటే, మీ రెండిట్లో ఏది ముందు బయటికొస్తుందప్పా?" ఇద్దరూ కాఫీ లోటాలు కింద పెట్టి లేచారు. ఆ దినం తొందరగా ఇళ్ళకు పోయారు. ఆ తరువాత బసవమ్మ తుపాకి మాటే ఎత్తలేదు. తన మాట విని కొనుక్కుందని ఎవరికి వారే అనుకున్నారు.

ఆ పొద్దు కుందారపల్లిలో బస్సు దిగి అత్తాకోడళ్ళు మైలు దూరం నడిచారు. ఎండ అప్పుడే పచ్చగా పడుతోంది. బండ చాటు నుంచి ముగ్గురు లేచి బాటకు అడ్డం నిలబడ్డారు. ఇద్దరి చేతుల్లో కొడవళ్ళు. గౌరి అత్త చీర చెంగు పట్టుకుంది. అత్త నడుమున ఉన్నది ఆ ఏడాది వ్యాపారం మొత్తం.

బసవమ్మ ఆగింది. రొంటిన దోపుకున్న గుడ్డసంచిలోకి కుడిచెయ్యి పోనిచ్చి అలాగే ఉంచింది. సంచి ముందుకు పొడుచుకొచ్చింది.

"ఆడనే నిలబడండి నాయనా. మీతో ఒక పని పడింది" అన్నది, బేరం మొదలుపెట్టే గొంతుతోనే. "క్రిష్ణగిరిలో ఇద్దరు పెద్దమనుషులు రెండేండ్లుగా కొట్టుకుంటా ఉండారు. చిన్న గుండు తగిలితే మనిషి ఆడికాడనే పడతాడని ఒకాయన. కాదు, రెండడుగులు ముందుకొస్తాడని ఇంకొకాయన. వాళ్ళ పోరు పడలేకుండా ఉండాను. మీలో ఎవురు ముందొస్తారో రాండి, ఈ దినం తేల్చేస్తాం."

ఎవరూ కదల్లేదు. నడిమివాడు, మీసాలు సరిగ్గా రానివాడు, సంచి వైపు చూస్తూ అడిగాడు: "ఏ సైజమ్మా?"

"అదే కదరా జగడం!" అన్నది బసవమ్మ, వాడేదో తెలివైన మాట అడిగినట్టు. "రా, వచ్చి చూడు."

వాడు పక్కవాడి ముఖం చూశాడు. పక్కవాడు అప్పటికే రెండడుగులు వెనక్కి వేశాడు. తరువాత బండల మీద కాళ్ళ చప్పుడు మాత్రం వినిపించింది.

గౌరి అత్త ముఖం నుంచి కళ్ళు తిప్పుకోలేకపోయింది. రోజూ తన జడ వేసే మనిషేనా ఈమె? రెప్ప అదరలేదు. పైపెదవి మీద ఒక్క చెమట చుక్క ఉంది, అంతే. "నడవమే, ఎండెక్కితే రైతు కోపం చేసుకుంటాడు" అని బసవమ్మ కదిలింది. తోపులో ముప్పై చెట్ల కింద తలెత్తి తిరిగి, మణుగులు చెప్పి, బయానా పెట్టింది. ఒక్క చెట్టు దగ్గర కూడా అంచనా తడబడలేదు.

దొంగలు పారిపోయారని బసవమ్మ రైతుతో అన్న ఒక్క ముక్క సాయంకాలానికి ఊరెక్కింది.

"చూసినావా, థర్టీ టూ చాలన్నానా లేదా?" జయరామప్ప తొడ చరిచాడు.

"థర్టీ ఎయిట్ అని తెలిసే పరిగెత్తినారప్పా, నీదైతే నవ్విపోతారు" అన్నాడు మునియప్ప.

ఆ రాత్రి గౌరి ధైర్యం చేసి అడిగింది: "అత్తా, కడకు ఏది కొనినావు?"

బసవమ్మ గుడ్డసంచి విప్పి చాప మీద బోర్లించింది. వక్కలు, సున్నపుకాయ, అడకత్తెర. ఇంకేమీ లేవు. తుపాకికి పెట్టుకునే అర్జీలో ఏ సైజు కావాలో రాయాల్సిన గడి ఒకటుంది. పెద్దమనుషులిద్దరూ ఒక మాటకు రాలేదు గనుక బసవమ్మ ఆ గడి నింపలేదు. అర్జీ ఇంట్లోనే ఉంది.