సంస్కృతం తీసుకున్న అక్క

మొన్న మనవరాలిని ఇంటర్‌లో చేర్చడానికి తోడుగా ఏలూరు వెళ్లాను. సెకండ్ లాంగ్వేజ్ ఏమిటని గుమాస్తా తలెత్తకుండానే అడిగితే, అదీ ఆలోచించకుండానే సంస్కృతం అనేసింది. తెలుగు తీసుకోరాదటే అన్నాను.

"తెలుగుకి అన్ని మార్కులెవరేస్తారు అమ్మమ్మా? నువ్వు మరీనూ!" అంది.

గుమాస్తా నవ్వాడు. నాకు మాత్రం మా పెద్దమ్మ కూతురు గుర్తొచ్చి, ఇన్నేళ్ల తర్వాత కూడా కడుపు మండింది.

నాకంటే కొన్ని నెలలే పెద్దదైన ఆ అక్క తాడేపల్లిగూడెంలోనూ, పెదపాడు అవతల కొల్లేటి అంచున ఉండే నేను ఏలూరులోనూ ఒకే ఏడు ఇంటర్‌లో చేరాం. మా ఊరి లైబ్రరీని నమిలేశానన్న గర్వంతో నేను తెలుగు తీసుకుంటే, వారపత్రిక కూడా తిరగెయ్యని అక్క సంస్కృతం తీసుకుంది. నాలుగు శ్లోకాలు బట్టీపడితే చాలే పిచ్చిమొహమా, మిగతాదంతా తెలుగులోనే రాసెయ్యొచ్చు అని నన్ను ఆటపట్టించేది. మన కాలం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, నిజంగానే ఆ వీలుండేది. అలా తెలుగులో సంస్కృతం రాసిన అక్కకు నూటికి కాస్త తక్కువగా వచ్చాయి. తెలుగులో తెలుగు రాసిన నాకు, ఛందస్సూ అలంకారాలూ ఎంత ఒలకబోసినా, అరవై దాటలేదు. మిగతా సబ్జెక్టుల్లో నాదే పైచేయి.

మేమిద్దరం దరఖాస్తు పెట్టిన ఏలూరు డిగ్రీ కాలేజీ హాస్టల్లో సీట్లు మొత్తం మార్కులు చూసి ఇచ్చేవారు. వానాకాలం కొల్లేరు పొంగితే మా రోడ్డు మునిగి బస్సు వచ్చేది కాదు కనుక, ఇంటర్ ఎలాగో నెట్టుకొచ్చినా, హాస్టల్ లేకపోతే నాకు డిగ్రీ లేనట్టే. సీటు అక్కకొచ్చింది. నాన్నగారు నా మొహం చూడకుండా, లైబ్రరీ ఉందిగా అమ్మా, చదువుకో అన్నారు.

చదువుకున్నానండీ. నిఘంటువు పక్కన పెట్టుకుని, ఎవరూ చెప్పకుండానే కావ్యాలు చదివాను, ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది. అయినా అక్క లెక్చరరై, పెళ్లిళ్లలో అందరూ "రండి మేడమ్‌గారూ, ఇలా కూర్చోండి" అని కుర్చీ వేస్తుంటే, నేను పనున్నట్టు వంటల వైపు వెళ్లిపోయేదాన్ని.

మనవరాలి కాలేజీలో అసలు తెలుగు సెక్షనే లేదట. ఇష్టమైనదా, మార్కులొచ్చేదా అని తేల్చుకోలేక మా కాలం పిల్లలం రాత్రులు నిద్రపోలేదు. ఈ పిల్లలకు ఆ తగువే లేదు, ఓడిపోవడమూ లేదు. ఏం పోగొట్టుకున్నారో తెలియకుండా హాయిగా నవ్వుకుంటూ కాలేజీ మెట్లు దిగుతున్న వాళ్లను చూస్తే, నిజం చెప్పొద్దూ, వాళ్ల మీదా నాకు కుళ్లుగానే ఉంది.